అడవివరం, గేదె పేడ, నూట నలభై మీటర్లు

ఇరవై ఎనిమిదో నంబరు బస్సులో
ఒళ్ళో స్టీలు క్యారేజీ పెట్టుకుని కూర్చుంటే
పక్కావిడ అడిగింది, ఏం కూరమ్మా అని.
వంకాయ, అన్నాను.
పై గిన్నెలో నిజంగా వంకాయే,
పొద్దుటినుంచి తినబుద్ధికానిది.
కింది రెండు గిన్నెల్లో పేడ.

గోపాలపట్నం దగ్గర
కండక్టరు రెండుసార్లు గాలి పీల్చి
కిటికీలు తియ్యండర్రా అన్నాడు.
నేనూ తీశాను, ఏమీ ఎరగనట్టు.

కొండ వెనక, జీడితోట చివర
నిన్న ముప్పై గ్లాసులు పాతాను, మూతి నేలకు సమంగా.
సగం సబ్బునీళ్ళు, పైన వలగుడ్డ మూటలో గుప్పెడు ఎర.
ఆరింటిని కుక్కలు పీకేశాయి.
ఒకటి ఎవరో పట్టుకుపోయారు, దేనికో మరి.
పంతొమ్మిదో గ్లాసులో మునిగి ఉంది అది:
కందిగింజంత,
నెత్తిమీద వెనక్కి వంగిన ఒకే కొమ్ము,
చింతపండుతో తోమి ఇంకా కడగని
రాగిచెంబు రంగు.

దాలమ్మ గేదెల్ని ఆపి మరీ చూసింది.
“ఏటి, పిడకలోడికోసం ఇంత దూరం వచ్చినావా?”

అదే వాడి పేరట.
ఉండ చేసి దొర్లించుకుపోయే రకం కాదు వీడు.
పేడ పడ్డ చోటే, దాని కిందే బొరియ తవ్వి
రాత్రికి రాత్రి లోపలికి దించుకుంటాడు.
“తెల్లారి పిడకలెయ్యడానికి నానెల్తే
వాడి వాటా వాడు తీసీసుకునుంటాడు.
తగూ లేదు మా ఇద్దరికీ.”

లాబులో రెండు వారాలు.
కుడి రెక్కడొప్పలోంచి సూది,
కాళ్ళు సర్ది, మీసాలు విప్పి,
పొట్ట చివర కోసి మగవాడని తేల్చుకుని,
ఆ సిగ్గులేని కొలతలన్నీ మిల్లీమీటర్లలో.
కలకత్తానుంచి మూడు వాక్యాల జవాబు:
మీ గుర్తింపు సరైనదే.
విశాఖ జిల్లాలో ఇదే మొదటిసారి.
అభినందనలు.

ఆ మాట చెప్పడానికి మిఠాయి పట్టుకెళ్ళాను.
దాలమ్మ చాలాసేపు నవ్వింది.
“మొదటిసారేటి! మాయమ్మ కడుపులో నానున్నప్పుడే
ఉన్నాడు వాడు. మీరిప్పుడొచ్చినారు.”
తర్వాత, జాంగ్రీ నములుతూ,
“పదకొండు గేదెలకీ నాలుగే మిగిలినాయి.
నులిపురుగులకని సూదిమందేసినారు కదా,
ఆ పేడలో వీడు దిగడు. దిగినా పైకి రాడు.”

అది నేను రాసుకోవాల్సింది.
చేతులకి పాకం.

లేబులు బియ్యపుగింజ పొడవు.
ఊరు, ఎత్తు, తేదీ, ఏ పశువు పేడ.
చివరి వరుసలో సేకరించినవారు.
అక్కడ గోలుగూరి దాలమ్మ అని రాయబోతే
ఇంటిపేరుకే చోటు అయిపోయింది.
రెండోసారి ఇంకా సన్నగా రాశాను.
మూడోసారి ఇంటిపేరు వదిలేశాను.
సార్ అద్దంలోంచి చూసి
ఈ దాలమ్మది ఏ డిపార్టుమెంటు? అన్నారు.

మొదటిసారికి ఫారం ఉంది, నాలుగు ప్రతులు.
చివరిసారికి లేదు.
అది ఎవరూ చూడరు కాబట్టి.

మార్చిలో ఊరికే వెళ్ళాను, గ్లాసులు లేకుండా.
జీడితోట చదును చేసేశారు.
పసుపురంగు పూసిన రాళ్ళు,
నలభై అడుగుల రోడ్డు అనే గీత.
పొద్దు పోతోంది. అవతల రేవువైపు ఆకాశం
ఆరిపోని పొయ్యిలా ఉంది.
నలభై ఆరో ప్లాటు రాయి పక్కన
ఒకే ఒక్క పేడకడి, పైన పెచ్చు కట్టి.
పుల్లతో అంచు ఎత్తాను.

కింద
వేలిముద్రంత ఎర్రమన్ను,
తడిగా,
అప్పుడే పైకి తోసినది.

అన్నంగిన్నె మీద మూత పెట్టినట్టు
దాన్ని ఎలా ఉన్నది అలాగే దించేశాను.
సంచిలో సీసా ఉంది.
తియ్యలేదు.